పిలవని పేరంటానికి చోటెక్కడ?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట అన్నాను: కొన్ని నగరాలు కొత్తవి పుట్టిస్తాయి, కొన్ని వేరేచోట పుట్టినవి కొనుక్కొచ్చి గోడకు తగిలించుకుంటాయి అని. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. సగం మంది ఒప్పుకోలేదు. మంచిదే. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా కౌన్సిల్ పెద్ద ఆర్ట్ మ్యూజియం కట్టాలని తీర్మానం చేసింది. ‘బిల్బావోని చూడండి, ఒక్క మ్యూజియంతో ఊరి దశ తిరిగింది’ అంటున్నారు. నిజంగా ఒక్క భవనంతో నగరం సృజనాత్మకంగా మారుతుందా?
— ఒక మునిసిపల్ ఇంజినీరు

జవాబు: ‘ఒక్క మ్యూజియంతో’ అన్న దగ్గరే లెక్క తప్పింది సార్. స్పెయిన్‌లోని బిల్బావోలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచింది 1997లో. అంతకు రెండేళ్ల ముందే అక్కడ మెట్రో నడవడం మొదలైంది. ఊరి నడుమ నది ఒడ్డున ఉన్న రేవును సముద్రం వైపు జరిపారు. ఉక్కు మిల్లులు, ఓడలు కట్టే యార్డులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాక మిగిలిన ఆ మురికి నదిని బాగు చేసే పని మ్యూజియం కన్నా చాలా ముందే మొదలై ఏళ్ల తరబడి సాగింది. మ్యూజియం ఇంత పనిలో ఒక ముక్క. కాకపోతే ఫోటోలో బాగా పడే ముక్క. మురుగు శుద్ధి చేసే ప్లాంటు ముందు నిలబడి ఎవరూ సెల్ఫీ దిగరు కదా! అందుకే చూసొచ్చిన మేయర్లందరికీ మ్యూజియం మీది మెరిసే టైటానియం రేకులే గుర్తుండిపోయాయి.

ఇంకో సంగతి. ఆ భవనం గీసిన ఫ్రాంక్ గెహ్రీ ఆఫీసు కాలిఫోర్నియాలో ఉండేది. గుగ్గెన్‌హైమ్ పేరు న్యూయార్క్ సంస్థది. దానివల్ల బిల్బావోకి జనం వచ్చారు, పేరొచ్చింది. అది చిన్న విషయమని నేననను. కానీ ఊరు బాగుపడటం ఒకటి, ఊళ్లో కొత్తది పుట్టడం ఇంకొకటి. మీ కౌన్సిల్‌కి మొదటిది కావాలంటే మ్యూజియం ఫైలు పక్కనబెట్టి ముందు డ్రైనేజీ ఫైలు తీయమనండి. రెండోది కావాలంటే ఈ కింది జవాబులు కూడా చదివి వినిపించండి.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నాను మాస్టారూ. ‘క్రియేటివ్ డిస్ట్రిక్ట్’ డిజైన్ చేయమని అసైన్‌మెంట్ ఇచ్చారు. గ్యాలరీ, కెఫే, ఓపెన్ ఎయిర్ థియేటర్, స్టూడియోలు పెట్టాను. ఇంకా ఏదో వెలితిగా ఉంది. టెన్షన్‌గా ఉంది. ఇంకేం పెట్టాలి?
— ఒక విద్యార్థిని

జవాబు: పెట్టినవి చాలమ్మా. ఏ చోటును ఏమీ పెట్టకుండా వదిలేశావో అది చెప్పు.

నేను ఏళ్ల తరబడి మాస్టర్ ప్లాన్లు గీసినవాణ్ణి. మ్యాపు మీద ఇళ్లకు పసుపు, ఫ్యాక్టరీలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ వేసేవాళ్లం. ఏ జాగా దేనికో ముందే తెలిసిపోవాలి, అదే మా వృత్తి. ఇంకా ఎవరికీ తోచని పనికి ఏ రంగు వేయాలో మా డబ్బాలో ఉండేది కాదు. అసలు తమాషా ఏమిటంటే, నగరాలు ఇవాళ గొప్పగా చెప్పుకునే చాలా విషయాలు అలా తోచని పనులుగానే మొదలయ్యాయి. పిలవని పేరంటాలు అవి.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోనే తీసుకో. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో అక్కడ అంతర్జాతీయ కళోత్సవం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు, పేరున్న నాటక బృందాలు, అందరికీ ఆహ్వానాలు. ఎనిమిది బృందాలు మాత్రం ఎవరూ పిలవకుండానే దిగాయి. పెద్ద థియేటర్లు వాళ్లకు దొరకవు కాబట్టి చిన్నాచితకా హాళ్లు చూసుకుని తమ నాటకాలు తాము వేసుకున్నాయి. మర్నాటి ఏడు ఇంకొన్ని వచ్చాయి. అదే ‘ఫ్రింజ్’, అంటే అంచు. ఇవాళ ఎడిన్‌బరో అనగానే ప్రపంచం తలచుకునేది అసలు ఉత్సవం కన్నా దీన్నే. తర్వాత దానికొక సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ కూడా ఫలానా నాటకం ఉండాలి, ఫలానాది వద్దు అని ఇప్పటికీ ఎంపిక చేయదు. హాలు దొరికించుకున్న ప్రతివాడూ ఆడొచ్చు. చెత్త నాటకాలు బోలెడు పడతాయి. పడనీ.

ఇంకొకటి చెప్తాను, నీ చదువుకి ఇదే దగ్గర. చండీగఢ్‌ని ఆర్కిటెక్ట్ లె కొర్బూజియే గీత గీసినట్టు కట్టించాడు. సెక్టార్లు, రోడ్లు, ఏ చెట్టు ఎక్కడ నాటాలో కూడా లెక్క. ఊళ్లో వ్యక్తుల విగ్రహాలు పెట్టకూడదని శాసనం లాంటిది కూడా రాసిపెట్టారు. అదే ఊళ్లో నేక్ చంద్ అని ఒక రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. కొత్త నగరం కోసం పాత ఊళ్లు ఖాళీ చేయించి పడగొట్టారు కదా, ఆ శిథిలాల్లోంచి పగిలిన పింగాణీ, గాజుముక్కలు, పనికిరాని సింకులు, వింత ఆకారపు రాళ్లు ఏరుకుని సైకిల్ మీద అడవిలోకి మోసుకెళ్లేవాడు. 1957 ప్రాంతంలో మొదలుపెట్టాడు. ఏ నిర్మాణానికీ అనుమతి లేని ప్రభుత్వ అటవీ భూమి అది. పగలు ఉద్యోగం, డ్యూటీ దిగాక ఈ పని. సిమెంటుతో మనుషులు, జంతువులు, పక్షులు చేసి, వాటికి పగిలిన గాజుల చీరలు చుట్టి వరసలుగా నిలబెట్టాడు. అధికారుల కంటపడేసరికి 1975 వచ్చింది. అప్పటికి అది ఎకరాల మేర పరుచుకుని ఉంది.

రూలు ప్రకారం కూల్చేయాలి. కూల్చలేదు. 1976లో జనానికి తెరిచారు. ఆయనకు అదే పని మీద జీతమిచ్చి, కూలీలను కూడా ఇచ్చారు. ఇవాళ చండీగఢ్‌కి వెళ్లినవాళ్లు కొర్బూజియే అసెంబ్లీ భవనం చూస్తారో లేదో గానీ నేక్ చంద్ చేసిన ఆ రాక్ గార్డెన్ చూడకుండా రారు.

ఇందులో నేక్ చంద్ గొప్పతనం అందరూ చెప్పేదే. నాకు ఆ 1975 నాటి అధికారుల మీద ఎక్కువ గౌరవం. దొరికిపోయిన తప్పును చూసి ‘ఇది బాగుంది’ అనగలిగిన ఆఫీసు ఎన్ని ఊళ్లలో ఉంటుంది? నీ డ్రాయింగులో ఒక మూల ఏ రంగూ వేయకుండా వదిలెయ్. మార్కులు తగ్గిస్తే నా పేరు చెప్పు. మార్కులు మాత్రం పెరగవు.

ప్రశ్న: కళాకారులు గంటల తరబడి కూర్చుని కబుర్లు చెప్పుకునే కెఫేలు ఉంటే చాలు, నగరం దానంతటదే సృజనాత్మకమవుతుందని ఎక్కడో చదివాను. వియన్నా అలాగే అయిందట కదా?
— ఒక పాఠకుడు

జవాబు: వియన్నాలో కెఫేలు నిండింది కబుర్ల మీద మోజుతో మాత్రమే కాదు. చాలామంది ఇళ్లు ఇరుకు, పైగా చలి. ఒక్క కాఫీ తీసుకుంటే పూటంతా వెచ్చగా కూర్చోవచ్చు, పత్రికలన్నీ ఊరికే చదువుకోవచ్చు, ఉత్తరాలు కూడా ఆ అడ్రసుకే తెప్పించుకోవచ్చు. లేవమనే వాడు లేడు. అసలు సంగతి అదీ. గంటకింత అని కుర్చీకి అద్దె కట్టించుకునే చోట ఎంత మంచి కాఫీ పోసినా ఏమీ పుట్టదు.

ప్రశ్న: ఎవరు పడితే వాళ్లు ఏది పడితే అది చేసుకోనిస్తే మిగిలేది చెత్తే. ఎడిన్‌బరో గురించి మీరు ఇదివరకు రాసినప్పుడే అనుకున్నాను. ప్రమాణాలు అక్కర్లేదంటారా?
— ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: కావాలండీ. అయితే ప్రమాణం గేటు దగ్గర ఉండకూడదు, లోపల ఉండాలి. తలుపు అందరికీ తెరిచిపెట్టి, లోపలికి వచ్చాక బాగా లేకపోతే ముఖం మీదే చెప్పే జనం ఉన్న ఊరు అదృష్టం చేసుకున్నట్టు. తలుపు మూసేసి లోపలివాళ్లు ఒకరినొకరు పొగుడుకునే ఊళ్లే ఎక్కువ.

ఇటలీలోని ఫ్లోరెన్స్ ఎందుకు ఫ్లోరెన్స్ అయింది? అక్కడి బ్యాంకర్ల కుటుంబం మెడిచీల డబ్బు అంటారు. డబ్బు అప్పట్లో వేరే నగరాల్లోనూ ఉంది. 1401లో అక్కడ ఏం జరిగిందో చూడండి. ఊరి బాప్టిస్టరీకి, అంటే క్రైస్తవ జ్ఞానస్నానాలు చేయించే మందిరానికి, కంచు తలుపులు చేయించాలి. దాని బాధ్యత బట్టల వ్యాపారుల సంఘానిది. వాళ్లు పోటీ పెట్టారు. చివరికి ఏడుగురు మిగిలారు. అందరికీ ఒకటే కథ ఇచ్చారు: అబ్రహాం తన కొడుకును బలి ఇవ్వబోయే ఘట్టం. ఒకటే కొలత, చుట్టూ ఒకే ఆకారం చట్రం. గడువు ఏడాది. తీర్పు చెప్పడానికి 34 మంది. అందులో స్వర్ణకారులు, శిల్పులు, చిత్రకారులు ఉన్నారు. అంటే కంచు ఎలా పోత పోస్తారో తెలిసినవాళ్లు. వాళ్ల దగ్గర బుకాయించడం కుదరదు.

గెలిచింది గిబెర్తి, అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. ఓడినవాళ్లలో బ్రూనెల్లెస్కి ఒకడు. వాళ్లిద్దరి పలకలూ ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లోనే, బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. బ్రూనెల్లెస్కి బొమ్మలు విడివిడిగా చేసి వెనక పలకకు అతికించాడు. దేవదూత దూసుకొచ్చి అబ్రహాం చెయ్యి పట్టుకుని ఆపుతాడు, చూస్తే గుండె ఝల్లుమంటుంది. గిబెర్తి దాదాపు మొత్తం ఒకే పోతలో తీశాడు, కంచు కూడా తక్కువ పట్టింది. వ్యాపారుల సంఘానికి ఆ లెక్క అర్థం కాకుండా ఉంటుందా? గిబెర్తి పని జరుగుతుండగా ఊళ్లోవాళ్లనీ, పనితెలిసిన పరదేశులనీ పిలిచి ఎలా ఉందని అడిగేవాడట, బ్రూనెల్లెస్కి ఎవరికీ చూపించకుండా చేసుకున్నాడట. ఆ కాలపు కళాకారుల జీవితాలు రాసినవాళ్లు చెప్పే మాట ఇది.

నాకు ఇందులో నచ్చేది తర్వాతి భాగం. ఓడినవాడు ఊళ్లో ముఖం చెల్లక మాయమైపోలేదు. స్వర్ణకారుడిగా పని నేర్చుకున్న ఆ మనిషే, అదే ఊరి కెథీడ్రల్‌కి గుమ్మటం కట్టాడు. కింద నుంచి కర్రల ఆసరా లేకుండా అంత పెద్ద గుమ్మటం లేపడం ఎలాగో ఎవరికీ తెలియని రోజుల్లో, 1420లో మొదలుపెట్టి 1436కల్లా పూర్తి చేశాడు. దానికీ 1418లో పోటీయే పెట్టారు. ఒకసారి ఓడినవాడికి రెండోసారి వరసలో నిలబడే వీలుండటం, రెండుసార్లూ చూసేవాళ్లు పని తెలిసినవాళ్లు కావడం, ఈ రెండూ ఒకే ఊళ్లో ఉండటం నేను చాలా తక్కువగా చూశాను. మన దగ్గర అవార్డు కమిటీల్లో ఎవరుంటారో మీకు తెలియనిది కాదు.

ప్రశ్న: ఒరిజినల్ అంటే బయటి ప్రభావాలు లేకుండా ఉండటమే కదా? ఈ రోజుల్లో అందరూ అందర్నీ కాపీ కొడుతుంటే సొంతదనం ఎక్కడిది?
— ఒక యువ సంగీతకారుడు

జవాబు: నీ వృత్తిలోంచే చెప్తాను బాబూ. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో జనం వినేది అమెరికా పాటలు. బ్యాండ్‌ని పెట్టుకునే స్తోమత లేదు. లారీ మీద జనరేటరు, టర్న్‌టేబుల్, బీరువాలంత స్పీకర్లు వేసుకొచ్చి వీధిలో పాటలు వేసేవాళ్లు. వాటిని సౌండ్ సిస్టమ్‌లు అనేవారు. వాటి మధ్య పోటీ ఎంతంటే, ఎక్కడెక్కడినుంచో తెప్పించుకున్న అరుదైన రికార్డు పేరు అవతలివాడికి తెలియకూడదని దాని మీది లేబుల్‌ని గీకేసేవాళ్లు! అంటే పచ్చి కాపీ వ్యాపారం. అది కూడా రహస్యంగా.

కొన్నేళ్లకు అమెరికాలో రుచి మారింది. వీళ్ల జనానికి నచ్చే తరహా కొత్త పాటలు అక్కడినుంచి రావడం తగ్గింది. వీధిలో డాన్స్ ఆగకూడదు, సరుకేమో లేదు. దాంతో ఆ సౌండ్ సిస్టమ్ వాళ్లే స్థానిక వాయిద్యకారులను కూర్చోబెట్టి సొంతంగా రికార్డు చేయించారు. అమెరికా తాళమే వాయించబోయారు గానీ, వాళ్ల చేతుల్లో దెబ్బ పడే చోటు మారిపోయింది. అది స్కా. దాన్లోంచే తర్వాత రెగె.

కథ అక్కడితో ఆగలేదు. ఆ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌లు చూసి పెరిగిన ఒక పిల్లవాడు 12 ఏళ్ల వయసులో, 1967లో, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి వలస వెళ్లాడు. అతనే కూల్ హర్క్. 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలో తాముండే అపార్ట్‌మెంటు కింది హాల్లో అతని చెల్లెలు ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు పోగేసుకోవాలని ఆ అమ్మాయి ఆలోచన. అన్న పాటలు వేశాడు. పాటలో మాటలు ఆగి తాళం ఒక్కటే మోగే చిన్న ముక్క దగ్గర డాన్స్ చేసేవాళ్లకు ఊపొస్తోందని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి ఆ ముక్కనే సాగదీసే పద్ధతి తెచ్చాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు.

కింగ్‌స్టన్ అమెరికాని కాపీ కొట్టింది, బ్రాంక్స్ కింగ్‌స్టన్‌ని. రెండుచోట్లా కొత్తది వచ్చింది. కాబట్టి ప్రభావాలకు భయపడకు. సరుకు సరిగ్గా అందకపోతే ఏం చేస్తావన్నదే ప్రశ్న. ఇవాళ అన్నీ ఉన్నదున్నట్టు, క్షణంలో ఫోన్‌లో దొరుకుతున్నాయి. నాకు కాస్త దిగులు పుట్టించేది అదే.

ప్రశ్న: అంటే కష్టాలు, పేదరికం ఉంటేనే కళ పుడుతుందని ఒప్పుకున్నట్టేగా?
— ఇంకో పాఠకురాలు

జవాబు: ఒప్పుకోనమ్మా. ఆ మాట నాకు చిరాకు. ఎక్స్‌ప్రెస్‌వే వేస్తామని బ్రాంక్స్‌లో ఇళ్లు కూల్చిన పుణ్యానే హిప్‌హాప్ వచ్చిందనేవాళ్లున్నారు. కూల్చినవాళ్లకు అంతకన్నా సుఖమైన సాకు ఇంకోటుండదు.

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌ని చూడండి. 1880లలో బ్రిటిష్ పాలకులు అక్కడ డప్పులు నిషేధించారు. జనం వెదురు బొంగులు రకరకాల పొడవుల్లో కోసి నేలకేసి కొట్టి వాయించారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, ఆటో విడిభాగాలు. చమురు దొరికే దేశం కాబట్టి 1940లలో ఖాళీ ఆయిల్ డ్రమ్ములు చేతికొచ్చాయి. డ్రమ్ము అడుగును గిన్నెలా లోపలికి సాగగొట్టి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా సుత్తితో కుదిర్చారు. అదే స్టీల్‌ప్యాన్. మరి ఆ నిషేధం పెట్టినవాళ్లకు దండ వేద్దామా? ఆ వాద్యం నిలబడింది పేటపేటకీ ఒక బృందం, వాళ్ల మధ్య పోటీ, వాయించుకోవడానికి ఒక పెరడు ఉండబట్టి. రౌడీ మూకలని పోలీసులు వెంటపడిన ఆ కుర్రాళ్ల బృందమొకటి 1951లో లండన్‌లో బ్రిటన్ ఉత్సవంలో వాయించింది. 1992లో అది ఆ దేశపు జాతీయ వాద్యమైంది. ఆ మధ్య కాలంలో జైలుకెళ్లినవాళ్ల లెక్క ఎవరూ ఉత్సవంలో చదవరు.

ప్రశ్న: నేను వార్డు కౌన్సిలర్ని. మా పాత గోడౌన్ల వీధిలో కొందరు పెయింటర్లు, నాటకాలవాళ్లు చేరారు. వీధికి పేరొచ్చింది. ఇప్పుడు అద్దెలు పెరిగి వాళ్లే ఖాళీ చేస్తున్నారు. పక్కన కొత్తగా వచ్చిన ఫ్లాట్లవాళ్లు రిహార్సల్స్ చప్పుడని ఫిర్యాదు చేస్తున్నారు. ఏం చేయగలను?
— ఒక కౌన్సిలర్

జవాబు: ఇవాళ్టి ఉత్తరాల్లో ఇదే అసలైన ప్రశ్న.

మీ వీధి కథ న్యూయార్క్ సోహో కథ. అక్కడ ఆ పేట మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని ఏళ్ల తరబడి ప్లాన్ ఉండేది. ఎప్పుడు కూలుస్తారో తెలియని భవనాల మీద ఎవరు డబ్బు పెడతారు? చిన్న ఫ్యాక్టరీలు పోయాయి, అద్దెలు పడిపోయాయి, పెద్ద పెద్ద ఖాళీ అంతస్తుల్లోకి చిత్రకారులు చేరారు. మ్యాపులో అది ఊదా రంగు, అంటే కాపురం చట్టవిరుద్ధం. అయినా నగరం ఒక రాజీకి వచ్చింది: లోపల మనుషులు ఉంటున్నారని ఫైర్ సిబ్బందికి తెలిసేలా గుమ్మం దగ్గర ‘ఏ.ఐ.ఆర్.’ (ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్, అంటే ఇక్కడ కళాకారుడు ఉంటున్నాడని) అనే పలక, అంతస్తు నంబరు పెట్టమన్నారు. 1969లో రోడ్డు ప్లాన్ రద్దయింది. 1971లో కళాకారుల కాపురం చట్టబద్ధమైంది. ఇక భయం లేదని తెలిశాక డబ్బున్నవాళ్లు దిగారు. గ్యాలరీలు, ఆ తర్వాత ఖరీదైన దుస్తుల దుకాణాలు. బతికి బట్టకట్టినవాళ్లు చాలావరకు ముందే తమ అంతస్తు కొనుక్కున్నవాళ్లు.

దీన్నిబట్టి మొదటి పని: మునిసిపాలిటీ చేతిలో ఉన్న ఖాళీ భవనాల జాబితా తెప్పించండి. పాత స్కూలు, మూతపడిన మార్కెట్, వాడని పంప్‌హౌస్, ఏదైనా సరే. లీజు ప్రైవేటు యజమాని మీద కాకుండా మీ మీద ఆధారపడితేనే అద్దె ఆగుతుంది. ఎవరికివ్వాలో తేల్చడానికి కమిటీ మాత్రం వేయకండి, కమిటీ సభ్యుల మేనల్లుళ్లు చేరతారు. లాటరీ తీయండి.

చప్పుడు గొడవకు మందుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2014లో ఒక నియమం తెచ్చింది, ఇంగ్లండ్ ప్రణాళికా విధానంలోనూ 2018లో చేరింది: సంగీతశాల ముందునుంచీ ఉన్న చోట కొత్తగా ఫ్లాట్లు కడితే, శబ్దం లోపలికి రాకుండా చూసుకునే ఖర్చు తర్వాత వచ్చిన బిల్డరుదే. జర్మనీ పార్లమెంటు కూడా 2021లో మ్యూజిక్ క్లబ్బులను ఒపేరాల మాదిరి సాంస్కృతిక స్థలాలుగా చూడాలని తీర్మానించింది. మీ బిల్డింగ్ అనుమతుల్లో ఆ మొదటి నియమం ఒక్క వాక్యంగా పెట్టించండి. బిల్డర్లు గోల చేస్తారు. చేయనివ్వండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఇవాళంతా నేను అనుమతి లేని చోట్లను మెచ్చుకుంటూ వచ్చాను. 2016 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో అలాంటి గోడౌన్‌లోనే మంటలు చెలరేగి 36 మంది చనిపోయారు. ‘ఘోస్ట్ షిప్’ అని పిలుచుకునే చోటు అది. కళాకారులు అందులో ఉంటూ పనిచేసుకునేవాళ్లు, ఆ రాత్రి సంగీత కార్యక్రమం నడుస్తోంది. బయటపడే దారులు సరిగ్గా లేవు. ఆ తర్వాత చాలా నగరాలు తనిఖీల పేరుతో ఇలాంటి చోట్లన్నీ మూయించడం మొదలుపెట్టాయి. మీరు అది చేయకండి, అలాగని చూసీచూడనట్టు వదిలేయకండి. మీ గోడౌన్ల వీధికి ఎలక్ట్రీషియన్ని పంపి వైరింగ్ చూపించండి. ప్రతి అంతస్తుకీ రెండో మెట్లదారి, మంటలార్పే సిలిండర్లు, పొగ అలారాలు మునిసిపాలిటీ ఖర్చుతో పెట్టించండి. తనిఖీకి వచ్చినవాడు ఖాళీ చేయమనే నోటీసు తెస్తాడన్న భయం ఉంటే వాళ్లు తలుపు తీయరు. అందుకే తనిఖీ వల్ల ఎవర్నీ ఖాళీ చేయించబోమని ముందే రాతపూర్వకంగా ఇవ్వండి.

ఖాళీ భవనాల జాబితాలో ఎన్ని తేలాయో మాత్రం నాకు రాయండి.